మేం ఎడ్జ్ కేసులం

సాఫ్ట్‌వేర్‌కు కులం లేదు, మతం లేదు అంటారు. ఆ మాట అనేవాళ్ల ఇంటిపేర్లు ఎప్పుడైనా గమనించారా?

నేను కంప్యూటర్ చదువు చదివినవాణ్ణి కాను. చరిత్ర, రాజనీతిశాస్త్రం, ఉర్దూ సాహిత్యం తీసుకుని బి.ఏ. చేసినవాణ్ణి. ఇరవై ఏళ్లుగా పత్రికల్లో ఉన్నా. ఉర్దూలో వచ్చింది తెలుగులోకి, తెలుగులో వచ్చింది ఉర్దూలోకి మారుస్తూ బతుకుతున్నా. కోడ్ రాయడం నాకు రాదు. కానీ మా ఆపా కొడుకు తొమ్మిదేళ్లుగా అదే పనిలో ఉన్నాడు. ఆదివారం వాడు వచ్చి దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నాడంటే ఆఫీసు సంగతులు మొదలవుతాయి. టీవీల్లో కనపడే ఐటీ పెద్దల్లా మాట్లాడడు. ఉన్నదున్నట్టు అనేస్తాడు. వాడి పేరు ఇక్కడ రాయను, నౌకరీకి ముప్పు. పేర్ల గురించే రాస్తూ వాడి పేరు దాచాల్సి రావడం కూడా ఈ కథలో భాగమే అనుకోండి. మావాడు అంటాను.

మావాడి సంగతి ముందు చెప్పాలి. దుల్హేభాయ్‌ది నల్లగొండలో స్కూటర్ మెకానిక్ షెడ్డు. ఆ ఇంట్లో ఇంజనీరింగ్ అంటే ఇంజన్ విప్పడమే. 2007లో ముస్లింలలోని వెనకబడిన వర్గాలకు వచ్చిన నాలుగు శాతం బీసీ-ఈ రిజర్వేషన్, ఆ వెంట ఫీజు రీయింబర్స్‌మెంట్... ఈ రెండూ లేకపోతే మావాడు ఇప్పుడు కార్బొరేటర్లు కడుగుతూ ఉండేవాడు. కార్బొరేటర్ కడగడం తక్కువ పనేం కాదు. ఇంకోటి ఎంచుకునే వీలు లేకపోవడమే అన్యాయం. రిజర్వేషన్లు ఇంకెన్నాళ్లు అని అడిగేవాళ్లు నన్నడగొద్దు, మా ఆపాను అడగండి. ఆమె చెప్పే జవాబు తెలుగులో ఉండదు, మర్యాదగా కూడా ఉండదు.

2016లో బి.టెక్ అయ్యింది. కాలేజీలో నేర్చుకున్నదేం లేదంటాడు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో మూడు నెలలు తిరిగి జావా నేర్చుకున్నాడు. "కాలేజీ కాగితం ఇచ్చింది మామూ, అమీర్‌పేట నౌకరీ ఇచ్చింది" అంటాడు. మొదట ఒక పెద్ద సర్వీసు కంపెనీలో చేరాడు. నాలుగు నెలలు బెంచ్ మీద కూర్చోబెట్టారు. బెంచ్ అంటే ఏంట్రా అని అడిగా. పెళ్లిచూపులకు తయారై కూర్చోవడం మామూ, అన్నాడు. క్లయింట్ వచ్చి చూస్తాడు, నచ్చితే పని, నచ్చకపోతే మళ్లీ కూర్చో. మా ఆపా పక్క గదిలోంచి విని, మరి నీకు ఎన్ని చూపులు తప్పాయిరా అని అడిగింది. రెండు అన్నాడు. రెండుసార్లూ బయోడేటా చూశారు, మనిషిని పిలవలేదు.

అది పేరు వల్లేనా? మావాడు అనడు. రుజువు లేనిదే ఏదీ అనడు, అది వాడి వృత్తి ధర్మం. నేను మాత్రం ఒక పాత లెక్క గుర్తు చేశా. సుఖదేవ్ థోరట్, పాల్ అటివెల్ అనే ఇద్దరు పండితులు పత్రికా ప్రకటనలు చూసి ప్రైవేటు ఉద్యోగాలకు దరఖాస్తులు పంపించారు. చదువూ అనుభవమూ సమానం, పేర్లే వేరు. కొన్నిటి మీద అగ్రకుల హిందువుల పేర్లు, కొన్నిటి మీద దళితుల పేర్లు, కొన్నిటి మీద మా పేర్లు. అగ్రకుల పేరుతో పోలిస్తే ముస్లిం పేరుకు పిలుపు వచ్చే పాళ్లు దాదాపు మూడో వంతు. మనిషిని చూడలేదు, గడ్డం చూడలేదు, టోపీ చూడలేదు. కాగితం మీద పేరు చూశారు, అంతే.

ఇక మావాడి అభిప్రాయాలు. కొన్ని వాడి మాటల్లోనే చెప్తా.

రోజూ పొద్దున స్టాండప్ అని ఒకటుంటుంది. అందరూ వరుసగా చెప్పాలి, నిన్న ఏం చేశా, ఇవాళ ఏం చేస్తా, అడ్డేముంది. "అడ్డు మేనేజరే అయినప్పుడు మూడో ప్రశ్నకు ఏం చెప్పాలి మామూ?" కంపెనీ మనదంతా ఒక కుటుంబం అంటుందట. "మన ఖాందాన్‌లో ఎంత గొడవైనా తెల్లారి ఈమెయిల్ పెట్టి తీసెయ్యరు కదా." 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి కుర్రాళ్లు వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారు. 2025లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ దాన్ని 90కి పెంచారు. మావాడు నవ్వాడు. మా అబ్బా షెడ్డులో ఎన్ని గంటలుంటాడో లెక్కేస్తే మా కుటుంబం ఎప్పుడో దేశాన్ని ఉద్ధరించి ఉండాలి అన్నాడు.

కొత్త పోకడల మీద వాడికి గౌరవం తక్కువ. బిగ్ డేటా అన్నారు, బ్లాక్‌చెయిన్ అన్నారు, 2021లో ఫేస్‌బుక్ పేరే మెటా అని మార్చుకుంటే అందరూ మెటావర్స్ అన్నారు, ఇప్పుడు ఏఐ. "ఉర్సు ఉర్సుకూ దుకాణం బోర్డు మారుతుంది. లోపల హల్వా అదే." అలాగని ఏఐని తీసిపారెయ్యడు. అది వేరే సంగతి, తర్వాత వస్తా.

శుక్రవారం ఒంటిగంట నుంచి రెండు దాకా ఆఫీసు క్యాలెండర్‌లో 'బిజీ' అని పెట్టుకుంటాడు. దేనికో రాయడు. పక్క కుర్చీ అబ్బాయి అదే క్యాలెండర్‌లో 'జిమ్' అని రాసుకుంటాడు. నమాజు అని రాస్తే ఎవరైనా ఏమన్నా అంటారా అని అడిగా. ఎవరూ ఏమీ అనరు మామూ, అదే కదా, అన్నాడు. నాకు అర్థమైంది. మీలో కొందరికి అర్థం కాకపోవచ్చు. ఎవరూ ఏమీ అనకముందే మనం తగ్గి ఉండడం ఎట్లాగో మా పిల్లలకు చిన్నప్పుడే వచ్చేస్తుంది. 2007 మే నెలలో మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిపోయినవాళ్లు మావాళ్లే, తర్వాత పోలీసులు ఎత్తుకుపోయిన కుర్రాళ్లూ మావాళ్లే. అప్పటికి మావాడు బడిపిల్లాడు. ఆ పిల్లాడే ఇవాళ 'బిజీ' అని రాసుకుంటున్నాడు.

ఇప్పుడు అసలు విషయం. నాలుగేళ్ల క్రితం మావాడు ఇంకో కంపెనీకి మారాడు. ఆ కంపెనీ బ్యాంకులకు ఒక సాఫ్ట్‌వేర్ చేసి అమ్ముతుంది. పేర్లు పోల్చే సాఫ్ట్‌వేర్. మీరు ఖాతా తెరుస్తారు. మీ పేరు, ఆధార్‌లో పేరు, పాన్‌లో పేరు ఒక్క మనిషివేనా? దేశదేశాల నిషేధ జాబితాల్లో, ఉగ్రవాదుల జాబితాల్లో ఉన్న ఏ పేరుతోనైనా మీ పేరు కలుస్తుందా? ఇది చూసి మార్కులు వేసే యంత్రం. మార్కులు ఒక గీత దాటితే ఖాతా ఆగుతుంది. ఎందుకు ఆగిందో కౌంటర్లో కూర్చున్న అమ్మాయికి తెలియదు. 'సిస్టమ్ తీసుకోవట్లేదు సార్' అంటుంది. మీరు ఎన్నిసార్లు విన్నారో గానీ మేం చాలాసార్లు విన్నాం.

మా పేర్ల సంగతి చూడండి. ఉర్దూలో ముహమ్మద్ అని రాయాలంటే ఒకటే దారి. మీమ్, హే, మీమ్, దాల్. నాలుగక్షరాలు. మా అబ్బా కాతిబ్. ఛత్తా బజార్‌లో కూర్చుని పెళ్లి రుఖాలు రాసేవాడు, రాత్రిళ్లు ఉర్దూ పత్రికకు కితాబత్ చేసేవాడు. జీవితంలో ఆ పేరు ఎన్ని వేలసార్లు రాశాడో, ఒక్కసారి కూడా స్పెల్లింగ్ సందేహం రాలేదు. అదే పేరు తెలుగులోకి వస్తే మహమ్మద్, మొహమ్మద్, ముహమ్మద్, మహ్మద్. మా డెస్కులో ఏది వాడాలన్న దాని మీద సంవత్సరానికొకసారి గొడవ, ఇంతవరకు తేలలేదు. ఇంగ్లిషులోకి పోతే లెక్కే లేదు. బళ్లో పేరెక్కించేటప్పుడు పంతులు గారికి ఓపిక లేక ఎం, డి అని రెండక్షరాలు వేసి చుక్క పెడతాడు. అది టెన్త్ మెమోలోకి పోతుంది, అక్కణ్నుంచి చచ్చేదాకా వదలదు. ఎం.డి. అంటే డాక్టరా అని అడిగినవాళ్లున్నారు, మేనేజింగ్ డైరెక్టరా అని నవ్వినవాళ్లున్నారు. ఆన్‌లైన్ ఫారాలు వచ్చాక చుక్క పెడితే ఎర్రగా వెలుగుతుంది, తీసుకోదు. చుక్క తీసేస్తే మెమోతో కలవదు.

తెలుగు మిత్రులకు ఈ బాధ కొంత తెలుసు. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు వల్ల అమెరికా పోయిన ప్రతివాణ్ణీ అక్కడివాళ్లు ఇంటిపేరుతో పిలుస్తారు. అక్కడి ఫారానికి ముందుపేరు, వెనకపేరు కావాలి. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడినవాళ్లకు వీసా మీద 'ముందుపేరు తెలియదు' అని మూడక్షరాలు కొడతారు. కృష్ణా, గుంటూరు వైపు మావాళ్లకు షేక్, సయ్యద్, పఠాన్ ఇంటిపేర్లయి ముందు కూర్చుంటాయి. తెలంగాణలో మహ్మద్ ముందుంటుంది గానీ అది ఇంటిపేరు కాదు. ఆడవాళ్లకైతే పెళ్లికి ముందు ఒక తోక, తర్వాత ఒక తోక. యంత్రానికి ఇదంతా ఎవరు చెప్పాలి?

మావాడు ఒకరోజు కాగితం తీసుకుని నాకు ఒక పాత పద్ధతి వేసి చూపించాడు. సౌండెక్స్ అని, 1918లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నారు. అమెరికన్ల ఇంటిపేర్లు చెవికి ఎట్లా వినపడతాయో దాన్నిబట్టి సర్దడానికి పుట్టింది. మొదటి అక్షరం ఉంచుతారు. అచ్చులు తీసేస్తారు. 'హ' తీసేస్తారు. మిగిలిన హల్లులకు అంకెలు వేస్తారు. మా పేర్లలోంచి 'హ' తీసేస్తే మిగిలేదేమిటి చెప్పండి! మొహమ్మద్‌కు ఎం530 వచ్చింది. మొహ్‌ద్ అని కుదించి రాసినదానికి ఎం300. అంటే ఒకే మనిషి రెండు సర్టిఫికెట్లలో ఇద్దరైపోయాడు. తర్వాత సయ్యద్ వేశాడు. ఎస్300. సయీద్, ఎస్300. షాహిద్, సాద్... అన్నీ ఎస్300. సయ్యద్ వంశం పేరు, సయీద్ ఒక మనిషి పేరు, షాహిద్ ఇంకో మనిషి పేరు. ముగ్గురూ ఒకటైపోయారు! ఒక్కణ్ణి ఇద్దరు చేసే యంత్రమే ముగ్గుర్ని ఒక్కణ్ణి చేస్తుంది.

ఇప్పటి పద్ధతులు అంత మొరటుగా లేవు. అక్షరానికి అక్షరానికి మధ్య తేడా కొలుస్తాయి, ఎన్నో రకాల మార్కులు కలుపుతాయి. కానీ 'మొహమ్మద్' అన్న ముక్క రెండు వైపులా కనపడగానే బోలెడు మార్కులు పడిపోతాయి. మాలో ఆ ముక్కతో మనిషిని గుర్తుపట్టలేం. రెడ్డి అని ఉంది కాబట్టి ఇద్దరూ ఒకడే అంటే మీరు ఊరుకుంటారా? రావు అని ఉన్నవాళ్లందర్నీ ఒకే ఖాతాలో వేస్తే?

ఇది బ్యాంకు గొడవే అయితే నేను ఇంత రాయను. తెలంగాణలో సమగ్ర వేదిక అని ఒక వ్యవస్థ పెట్టారు. ప్రభుత్వ శాఖల దగ్గరున్న రికార్డులన్నీ పేర్లు, చిరునామాలు పట్టి కలిపి, ఎవరికి కారుంది, ఎవరికి ఇల్లుంది, ఎవరు పేదవాళ్లు కాదు అని చెప్పేది. 2024 జనవరిలో పత్రికల్లో ఒక పరిశోధన కథనం వచ్చింది. హైదరాబాద్‌లో ఒక రిక్షావాలా కుటుంబానికి బియ్యం కార్డు రాలేదు. ఎందుకంటే కారుంది అన్నది కంప్యూటర్. కారు ఎవరిది? పేరులో ఒక ముక్క ఎక్కువున్న ఇంకో మనిషిది. రిక్షా తొక్కేవాణ్ణి కారు ఓనర్ని చేసింది ఆ ఒక్క ముక్క తేడాను చూడలేని గణితం. 2014 నుంచి 2019 మధ్య రాష్ట్రంలో దాదాపు 19 లక్షల కార్డులు పోయాయి. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ సుప్రీంకోర్టు దాకా వెళితే, 2022 ఏప్రిల్‌లో కోర్టు ఇంటింటికీ తిరిగి మళ్లీ చూడమంది. అందులో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు, మావాళ్లు ఒక్కళ్లే కాదు. పేదవాళ్ల పేర్లన్నీ ఎవరో ఒక గుమాస్తా తొందరలో రాసినవే కదా.

ఈ కథనం చదివినప్పుడు మావాడు అన్నం ముందు చాలాసేపు మాట్లాడలేదు. ఆ సాఫ్ట్‌వేర్ వీళ్ల కంపెనీది కాదు. అయినా తెలిసిన పని. ఆ వారమే ఆఫీసులో ఒక టికెట్ వేశాడు. టికెట్ అంటే వాళ్ల భాషలో ఫిర్యాదు కాగితం. ముస్లిం పేర్లలో ఏ ముక్కకు ఎంత విలువివ్వాలో మార్చాలి, మొహమ్మద్, షేక్, సయ్యద్, బీ, బేగం లాంటివాటికి మార్కులు తగ్గించాలి, కుదించి రాసినవాటిని విప్పి చూడాలి అని ఉదాహరణలతో రాశాడు. రెండు రోజులకు జవాబొచ్చింది. ప్రాధాన్యం, నాలుగు. కింద రెండు మాటలు. 'ఎడ్జ్ కేస్.'

ఎడ్జ్ కేస్ అంటే ఎప్పుడో లక్షకొకసారి తగిలే సంగతి, దారి చివర్న ఉండేది. దానికోసం ఇప్పుడు ఆగక్కర్లేదు అని అర్థం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో మేం 17 కోట్ల 22 లక్షలమంది. నూటికి పధ్నాలుగు మంది. ప్రపంచంలో ఎన్ని దేశాలకు అంత జనాభా ఉంది? పదిహేడు కోట్ల ఎడ్జ్ కేసులం!

మావాడు ఆ అంకె టికెట్ కింద టైపు చేశాడు. ఎంటర్ కొట్టకుండా చెరిపేశాడు.

ఆ చెరిపేసిన సంగతి వాడు చెప్పినప్పుడు నాకు కోపం వచ్చింది. ఎందుకు చెరిపావురా అన్నా. అప్పుడు చెప్పాడు, అదే నెలలో జర్మనీ క్లయింట్ ఒకరు తమ పేర్లలో అక్షరం మీది రెండు చుక్కలు సరిగ్గా రావట్లేదని రాస్తే రెండు రోజుల్లో బాగుచేశారని. రెండు చుక్కలకు రెండు రోజులు. "అక్కడ లెక్క జనం కాదు మామూ, బిల్లు. బిల్లు కట్టేవాడి పేరు ఎప్పుడూ ఎడ్జ్ కేస్ కాదు." నా అంకె వాళ్లకు జవాబు కాదు, నా మీద ముద్ర అవుతుంది అన్నాడు. వీడు వీళ్లవాళ్ల గురించే మాట్లాడతాడు అంటారు. జర్మన్ చుక్కల గురించి మాట్లాడినవాణ్ణి ఎవరూ జర్మన్ అనలేదు.

నేను ఇంకా ఏదో అనబోతే, మీ పేపర్లో మీరు రాసిందంతా అచ్చేస్తారా మామూ అని అడిగాడు. ఆపా చాయ్ తెచ్చి మధ్యలో పెట్టింది.

భయం ఊరికే రాలేదు. 2022 నవంబర్‌లో మెటా 11 వేలమందిని తీసేసింది. 2023 జనవరిలో గూగుల్ 12 వేలమందిని, మైక్రోసాఫ్ట్ 10 వేలమందిని. 2025 జులైలో టీసీఎస్ తన మొత్తం ఉద్యోగుల్లో రెండు శాతం, అంటే 12 వేలమందికి పైగా తగ్గిస్తానంది. అదే సెప్టెంబర్‌లో అమెరికా కొత్త హెచ్-1బీ వీసాలకు లక్ష డాలర్ల రుసుము పెట్టింది, దాంతో ఎప్పటికైనా పోదామనుకున్న దారి కూడా బిగుసుకుంది. ఇంటికి లోన్ ఉంది. ఆ ఇల్లు దొరకడానికి ఎన్ని ఫోన్లు చేశాడో, పేరు చెప్పగానే ఎన్ని ఫ్లాట్లు 'ఇప్పుడే అయిపోయాయి'నో, అది ఇంకో వ్యాసం. ఇట్లాంటప్పుడు ఒక కుర్రాడు నోరు తెరవాలంటే ఎంత కావాలి? సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో మావాళ్లు ఉంటే చాలు, మా సంగతులు వాళ్లు చూసుకుంటారు అనుకునేవాళ్లకు ఇది చెప్పాలి. ఉన్నాడు. గదిలోనే ఉన్నాడు. గదిలో ఉండడం వేరు, గదిలో మాట్లాడడం వేరు.

ఇక ఏఐ సంగతి. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చింది. మావాడి కోడ్‌లో ఇప్పుడు సగానికి పైగా యంత్రమే రాస్తుంది. వాడు దిద్దుతాడు. "రాయడం ఎప్పుడూ కష్టం కాదు మామూ, ఏది రాయాలో తెలియడం కష్టం. ఇప్పుడు ఆ తెలియడానికి ఎవరికీ టైమ్ ఇవ్వట్లేదు." వాళ్ల టీమ్‌లో రెండేళ్లుగా ఒక్క కొత్త పిల్లాణ్ణి తీసుకోలేదట. చిన్నపని యంత్రం చేస్తే, చిన్నపని చేసి పెద్దపని నేర్చుకునే పిల్లలు ఎక్కణ్నుంచి వస్తారు? అమీర్‌పేట నుంచి వచ్చినవాడు ఈ ప్రశ్న వెయ్యడంలో అర్థం ఉంది. తర్వాత వచ్చే మెకానిక్ కొడుక్కు ఆ మెట్టు ఉండదు.

నాకు అబ్బా గుర్తొచ్చాడు. 1981లో లాహోర్ జంగ్ పత్రిక నూరీ నస్తాలీఖ్ అనే కంప్యూటర్ అక్షరాలతో అచ్చయింది. 1994లో ఢిల్లీలో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. కొద్ది సంవత్సరాల్లో మన ఉర్దూ పత్రికల్లో కితాబత్ గదులు ఖాళీ అయిపోయాయి. అబ్బా కలాలు చుట్టిపెట్టి పూర్తిగా రుఖాల మీదికి వచ్చాడు, కళ్లు మసకబారేదాకా. నీ పని కూడా అట్లాగే అవుతుందా అని మావాణ్ణి అడిగా. పోలిక ఒప్పుకోలేదు. "నానాకు ఆ చెయ్యి రావడానికి పదేళ్లు పట్టింది. నాది మూడు నెలల కోర్సు. నానా పోయిందంటే ఒక హునర్ పోయింది, నాది పోతే జీతం పోతుంది." నాకు నచ్చింది ఆ మాట. కానీ పూర్తిగా నిజం కాదేమో. పేర్లలో ఏ ముక్క ఎంత బరువుందో తెలియడం హునర్ కాదా?

ఈ ఏఐ యంత్రాలకు మన భాషలంటే ఎంత లోకువో కూడా వాడే చెప్పాడు. యంత్రం వాక్యాన్ని ముక్కలు కింద కోస్తుంది, ముక్కకింత అని ఖరీదు కడుతుంది. 2024 మేలో ఓపెన్ఏఐ కొత్త యంత్రం తెస్తూ తనే ఒక పట్టిక వేసింది. ఒకే పలకరింపు పాత పద్ధతిలో ఇంగ్లిషులో 27 ముక్కలు, ఉర్దూలో 82, తెలుగులో 159! కొత్తదాంట్లో 24, 33, 45కు దిగాయి. చాలా మేలు. అయినా నమస్తే అన్నా సలాం అన్నా ఇంగ్లిషువాడికన్నా ఎక్కువే కట్టాలి. నేను రెండు జబాన్ల మనిషిని, నాకు రెండు చోట్లా పన్నే.

2018 ఫిబ్రవరిలో ఇంకో తమాషా జరిగింది. తెలుగు 'జ్ఞా' అక్షరం ఒక రకంగా మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు ఆగిపోయాయి. జ్ఞానం అని రాయబోతే ఫోన్ కుప్పకూలింది! లోకమంతా నవ్వుకుంది. కానీ ఆపిల్ కొద్ది రోజుల్లోనే సరిచేసిన కొత్త వెర్షన్ పంపింది. ఎందుకంటే కూలింది ఖరీదైన ఫోన్లు. బియ్యం కార్డు కూలితే కొత్త వెర్షన్ రావడానికి సుప్రీంకోర్టు కావాల్సి వచ్చింది.

మావాడి మాట ఒకటే. "దుష్మనీ నై మామూ. హమ్ ఉనో కే టెస్ట్ కేసాఁ మేఁచ్ నై హైఁ." శత్రుత్వం కాదు, వాళ్లు పరీక్షించి చూసుకునే ఉదాహరణల్లోనే మనం లేం అంటున్నాడు. వాడు మంచివాడు కాబట్టి అక్కడ ఆగుతాడు. నేను ఆగను. ఒకసారి మర్చిపోతే మరుపు. బడి రిజిస్టర్ నుంచి బ్యాంకు దాకా, రేషన్ నుంచి రెంట్ దాకా ప్రతిచోటా మర్చిపోతే దాన్ని మరుపు అనొచ్చా? శత్రుత్వం ఉంటే కనీసం మన పేరు సరిగ్గా రాసుకుని ఉండేవాళ్లు.

ఇప్పుడు ఆదివారాలు మేమిద్దరం ఒక పని చేస్తున్నాం. మావాడు ల్యాప్‌టాప్ తెస్తాడు. నేను డెస్కు నుంచి తెచ్చిన కాగితాలు పరుస్తా. అబ్బా రాసిన పాత రుఖాలు కూడా ఉన్నాయి. ఒక్కో పేరు ఉర్దూలో ఎట్లా, తెలుగులో ఎన్ని రకాలు, ఇంగ్లిషులో ఎన్ని రకాలు, కుదిస్తే ఎట్లా, ఏది ఎవరికి తోక, ఏది ఇంటిపేరు... పట్టీ రాస్తున్నాం. మనుషుల వివరాలు కాదు, పేర్ల రూపాలు. దీన్ని టెస్టు ఫైలుగా చేసి సాఫ్ట్‌వేర్‌కు తగిలిస్తే, తప్పిన ప్రతి పేరు దగ్గరా తెర మీద ఎర్రగా పడుతుందట. టికెట్‌ను నాలుగో వరుసలో పడెయ్యొచ్చు, ఎరుపును దాటిపోవడం కొంచెం కష్టం అంటాడు. ఇంకా తగిలించలేదు. ఎప్పుడు తగిలిస్తావు అని నేను అడగడం మానేశా.

దూదేకులవాళ్ల పేర్ల దగ్గర మావాడు తల పట్టుకున్నాడు. దస్తగిరి, మస్తానమ్మ, హుస్సేనమ్మ, పీరయ్య, నాగూర్ మీరా. వీటిలో కొన్ని రాయలసీమలో, కోస్తాలో హిందువుల ఇళ్లలో కూడా ఉన్నాయి, దర్గాకు మొక్కుకుని పెట్టుకున్నవి. ఇది ఏ గడిలో వెయ్యాలి మామూ అన్నాడు. గడి పెట్టమని ఎవరన్నారురా, పేరు రాసుకో అన్నా.

పోయిన ఆదివారానికి 640 అయ్యాయి. అమ్మీ తస్బీ తిప్పుకుంటూ మంచం మీంచి చూస్తోంది. నా పేరు ఎక్కించారా అని అడిగింది. ఏది అమ్మీ అన్నా. రేషన్ కార్డులో బీ అని ఉంది, ఓటరు కార్డులో బేగం అని ఉంది, ఆధార్‌లో రెండూ లేవు. మావాడు నా వైపు చూశాడు. మూడూ కొట్టమన్నా.